ఒడిశా మత్స్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ: దిమ్మలకు పైన దారి వదలండి

అయ్యా, నమస్కారం.

చేపలు చేరాలని సముద్రం అడుగున కాంక్రీటు దిమ్మలు దింపి కట్టే దిబ్బల గురించి గంజాం తీరపు తెలుగు మత్స్యకారుల తరఫున మూడు అర్జీలు ఇచ్చాం. చేతికి రశీదులు వచ్చాయి, జవాబు రాలేదు. అందుకే నలుగురి ముందూ రాస్తున్నాం.

దిబ్బలు వద్దనడం లేదు. ఇసుక అడుగున గట్టి ఆధారం దొరికితే గుల్లలు అంటుకుంటాయి, పీతలు చేరతాయి, వెనకే చేప వస్తుంది. తాబేలూ వస్తుంది. మా రుషికుల్య నది మొగకు గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్ల తిండి ఈ పీతలు, రొయ్యలు, గుల్లలే.

కానీ తాబేలు ఊపిరికి పైకి రావాల్సిందే. ఇరుకులో దూరి సేదతీరడం, చిప్పను రుద్దుకోవడం సముద్రపు తాబేళ్ల అలవాటు. అడుగు వెడల్పుగా, కొస సన్నగా, లోపల బోలుగా ఉండే పిరమిడ్ దిమ్మలోకి కింద నుంచి దూరినది ఊపిరి కోసం తిన్నగా పైకే లేస్తుంది. పైన సందు చాలకపోతే అక్కడే చస్తుంది. అమెరికాలోని ఫ్లోరిడా తీరంలో ఇలాంటి దిమ్మల్లో చచ్చిన తాబేళ్లు దొరికాయి. ఆ తర్వాతే అక్కడ పైభాగం తెరిచి ఉంచే నమూనాలు వచ్చాయి. పెద్ద రిడ్లీ చిప్పే 60 నుంచి 70 సెంటీమీటర్లు. చేప దూరే కన్నం దానికేం సరిపోతుంది? పైన కనీసం 3 అడుగుల దారి వదలండి. కెరటాల కోతకు దిమ్మ ఇసుకలో కూరుకుపోతే కింది దారి కూడా మూసుకుపోతుంది, అప్పుడు మిగిలేది పైదారి ఒక్కటే.

వలల సంగతి ఇంకా ఘోరం. చేప ఉందని దిబ్బ దగ్గరే వల వేస్తారు. నీటివాలుకు అది కొట్టుకొచ్చి దిమ్మ అంచుకో, బయటపడ్డ ఇనుప చువ్వకో పట్టుకుంటుంది. రాకపోతే కోసి వదిలేస్తారు. బెండ్లు పైకి లాగుతాయి, సీసపు గుళ్లు కిందికి లాగుతాయి, వల గోడలా నిలబడుతుంది. నైలాను ఏళ్ల తరబడి కుళ్లదు. అందులో చిక్కిన పీత కోసం వచ్చిన తాబేలుకు రెక్క ఒక్కటి చిక్కినా చాలు. నవంబరు 1 నుంచి మే 31 దాకా తాబేళ్ల కోసం పెట్టిన నిషేధంతో మొగ చుట్టూ 20 కిలోమీటర్లు మా మర పడవల వేట ఆగుతుంది. ఆ తెగిన వలల వేట మాత్రం ఆగదు.

దయచేసి దిబ్బలను మొగకు దూరంగా దింపించండి. దింపిన చోటు జీపీఎస్ గుర్తులు ఒడియాతో పాటు తెలుగులోనూ ప్రతి రేవులో పెట్టించండి. చిక్కిన వలను పడవకు కట్టి లాగితే దిమ్మ ఒరిగిపోతుంది, మనుషులు దిగి ముక్కలుగా కోసి తీయాలి. ఆ పని ఏటా అక్టోబరులోపు జరగాలి. దానికి డబ్బు ఏ పద్దులో ఉందో, బాధ్యత ఎవరిదో ఒక్క కాగితం మీద రాసివ్వండి. మా అర్జీలన్నింటిలో అడిగింది ఇదే.

ఇట్లు,
గంజాం తీర తెలుగు మత్స్యకారులు