అక్కకీ బావకీ కూడా చదివి వినిపించు

అరే శీనూ,

అక్క కొడుకు గంజాయి తాగుతున్నాడని రాత్రి నువ్వు పెట్టిన వాయిస్ మెసేజ్ విన్నా. ఫోన్లో తేలే సంగతి కాదని తీరిగ్గా రాస్తున్నా.

పదహారేళ్ల పిల్లాడు, గంజాయి, కాలేజీ ఇంకా మానలేదు. వీడికి ఓపీలో, అంటే చేర్చకుండా ఇంటి నుంచే వెళ్లొస్తూ, చూపించడంతో మొదలుపెట్టొచ్చు. "మూడు నెలలు ఎక్కడైనా పడేద్దాం" అంటున్న బావని ముందు ఆపు. లోపలుంటే ఎవడైనా మానేస్తాడు. తిరిగొచ్చేది మళ్లీ అదే సందుకి, అదే దోస్తుల దగ్గరికేగా! ఆ సందులో ఉంటూనే మానడం నేర్పేది ఓపీ. రోజూ మందు తాగేవాళ్లూ, నిద్రమాత్రలకి అలవాటు పడ్డవాళ్లూ వేరు. ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, వాళ్ల సంగతి డాక్టరే తేల్చాలి.

ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి అనగానే అక్క మొహం మాడుతుంది, తెలుసు. ఈ ఊళ్లో ఆ పేరే తిట్టయి కూర్చుంది. ముందు సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చెయ్యమను, తెలుగులోనే మాట్లాడతారు. బావకి కేసు భయమా? 1985 నాటి మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్)లో సెక్షన్ 64ఏ ఉంది. కొద్దిపాటి సరుకు కేసైనా, తనంతట తాను సర్కారు దవాఖానాలో చికిత్సకి వచ్చి పూర్తి చేసుకుంటే ప్రాసిక్యూషన్ ఉండదు.

డాక్టర్ పిల్లాడితో ఒంటరిగా మాట్లాడతానంటే అక్క తలుపు పక్కన నిలబడకూడదు. బావ కూడా వెళ్లాలి. తల్లొక్కతే తిరిగే ఇళ్లలో నాలుగో వారానికి ఓపీ చీటీ అటకెక్కుతుంది.

మానేసిన ఒకట్రెండు రోజులకే చిరాకు, నిద్ర పట్టదు, అన్నం సయించదు. మొదటి వారమే గడ్డుకాలం, రెండు వారాలకి చాలావరకు తగ్గుతుంది. నిద్ర మాత్రం ఇంకా ఆలస్యంగా కుదుటపడుతుంది. "మానినా ఇలాగే ఉన్నాడు" అని ఇంట్లో గొడవ పడేది సరిగ్గా అప్పుడే.

ఇక గంజాయి తాగాడో లేదో మూత్రంలో చూసే పట్టీ. మెడికల్ షాపులో తెచ్చి ఇంట్లో పోలీసుల్లా పరీక్షలు పెట్టొద్దు. అది గర్భం పట్టీకి తిరగేసి. 'సి' దగ్గర ఒక్క గీతే ఉంటే పాజిటివ్, 'టి' దగ్గర గీత లీలగా ఉన్నా నెగటివ్. రెండు గీతలు చూసి పిల్లాణ్ణి కొట్టిన తండ్రులున్నారు. పైగా రోజూ తాగినవాడికి మానేశాక కూడా నెల దాకా పాజిటివ్ రావచ్చు. మూత్రం కడిగిన నీళ్లలా ఉంటే బాగా నీళ్లు తాగి వచ్చాడనుకో, మళ్లీ చేయించాలి. ఏదైనా సరే కౌన్సిలర్ ముందు చూడాల్సిందే.

చేతికి డబ్బులివ్వకుండా బస్ పాసు, టిఫిన్ డబ్బా ఇవ్వమను. ఫోన్‌పేలో "రెండొందలు కొట్టు" అంటే అమ్మమ్మ కొట్టేస్తుంది, ఆవిడకి కూడా చెప్పాలి. "మూడు నెలలు మానితే బైక్" పనిచెయ్యదు, చాలా దూరం. నెగటివ్ వచ్చిన రోజు సాయంత్రమే బిర్యానీ. మళ్లీ తాగాడా, తిట్టకుండా ఎక్కడ, ఎవరితో, ఎన్నింటికి అని అడిగి రాసుకుని, తర్వాతి తేదీకి తప్పకుండా తీసుకెళ్లాలి.

సోమవారం పొద్దున్నే ఓపీకి వెళ్లమను. ఆధార్, వాడి గదిలో దొరికిన మాత్రల షీట్లు, ఖాళీవైనా సరే, సంచిలో వేసుకోమను. వచ్చాక ఫోన్ కొట్టు.

నీ
రవి