గుండె పరీక్షల్లో నోటికి చోటేది?

సంపాదకులకు నమస్కారం.

ప్రపంచ హృదయ దినోత్సవం పేరిట సెప్టెంబరు 29న మీ ఆరోగ్యపుటలో ‘పళ్ళు తోమితే గుండెపోటు దూరం’ అన్న వ్యాసం వచ్చి పది రోజులైంది. కోపం చల్లారాక రాయమని ఇంట్లోవారు అన్నందువల్ల ఇన్నాళ్ళూ ఆగాను. చల్లారలేదు కనుక రాస్తున్నాను.

వ్యాసం రాసిన డాక్టరుగారి మీద నాకు ఫిర్యాదు లేదు. చిగుళ్ళ జబ్బుకూ గుండెజబ్బుకూ సంబంధం కనిపిస్తోందని ఆయన ఆచితూచే రాశారు. ఆ మాట శీర్షిక పెట్టేవారి చేతిలో పడేసరికి ఏకంగా హామీపత్రమైంది. 1989లో ఫిన్లాండ్ వైద్యులు గుండెపోటు వచ్చిన 100 మందిని, రాని 102 మందితో పోల్చి చూసి, గుండెపోటు వచ్చినవారి పళ్ళూ చిగుళ్ళూ బాగా పాడై ఉన్నాయని ప్రకటించిన నాటి నుంచి ఈ విషయం మీద పరిశోధనలు సాగుతూనే ఉన్నాయి. వాటన్నిటినీ వడపోసిన అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2012లో, పొగతాగడం వంటి ఉమ్మడి కారణాలను లెక్క తీసేసినా సంబంధం మిగులుతూనే ఉందని, అయితే చిగుళ్ళ జబ్బే గుండెజబ్బు తెస్తుందని గానీ, చిగుళ్ళు బాగు చేయించుకుంటే గుండెపోటు తప్పుతుందని గానీ రుజువు కాలేదని చెప్పింది. మొదటి సగం మీ శీర్షికకెక్కింది, రెండో సగానికి చోటు చాలినట్టు లేదు. ఫలితం చెబుతాను. మా వీధిలో స్టెంటు (పూడిన గుండె రక్తనాళాన్ని తెరిచి ఉంచే సన్నని జాలీ గొట్టం) వేయించుకున్న పెద్దాయన ఒకరు మీ పత్రిక కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకొని, కొలెస్ట్రాల్ మాత్రలు మానేసి, ఆ డబ్బుతో పుక్కిలించే మందు సీసాలు రెండు కొనుక్కొచ్చారు. మళ్ళీ మాత్రలు మొదలుపెట్టించేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది.

నిజంగా చెప్పవలసిన సంగతి వ్యాసంలో ఒక్క వాక్యమైనా లేదు. చిన్నతనంలో కీళ్ళవాత జ్వరం వచ్చి గుండె కవాటాలు చెడినవారు, కృత్రిమ కవాటం అమర్చుకున్నవారు మన పల్లెల్లో తక్కువేమీ కాదు. వారి విషయంలో ‘సంబంధం ఉండవచ్చు’ అన్న నసుగుడు అక్కర్లేదు. చిగుళ్ళు వాచి రక్తం కారే నోటి నుంచి స్ట్రెప్టోకాకస్ జాతి క్రిములు రక్తంలోకి చేరి, చెడిన కవాటాన్ని పట్టుకుంటే ఎండోకార్డైటిస్, అంటే గుండె లోపలి పొరకూ కవాటాలకూ క్రిములు సోకే జబ్బు వస్తుంది, అది ప్రాణం మీదికి తెస్తుంది. కృత్రిమ కవాటం ఉన్నవారు పన్ను పీకించుకునే ముందే యాంటీబయోటిక్ వేసుకోవాలన్న నియమం ఇందుకే వచ్చింది. ఈ ఒక్క ముక్క పెద్దక్షరాల్లో వేసి ఉంటే కొందరికైనా మేలు జరిగేది.

పత్రికనొక్కదాన్నే అని లాభం లేదు, వైద్యులూ తక్కువ తినలేదు. మూడేళ్ళ క్రితం నాకూ స్టెంటు వేశారు. ఈసీజీ, ఎకో, ట్రెడ్‌మిల్, అరచేతి నిండా రక్తపరీక్షల చీటీలు అన్నీ అయ్యాయి గాని, ‘ఏదీ, ఒకసారి నోరు తెరవండి’ అన్నవారు ఒక్కరూ లేరు. చివరికి బిల్లు చూసి నేనే తెరిచాను. ఆ తరువాత చిగుళ్ళు ఉబ్బి, తోమినప్పుడల్లా రక్తం పడసాగింది. రక్తపోటుకు వాడే అమ్లోడిపిన్ వల్ల కొందరికి చిగుళ్ళు పెరుగుతాయని, రక్తం పలచబడే మాత్రల వల్ల చిన్న గాయానికీ రక్తం త్వరగా ఆగదని నాకు ముందే ఎవరూ చెప్పలేదు. గుండె డాక్టరుగారు పళ్ళ డాక్టరు దగ్గరకు వెళ్ళమన్నారు. పళ్ళ డాక్టరుగారు గుండె డాక్టరు నుంచి కాగితం తెస్తే తప్ప చేయి పెట్టనన్నారు. ఆ కాగితం కోసం మూడు వారాలు తిరిగాను. ఈ తిరుగుళ్ళు పడలేక సొంతంగా రక్తం పలచబడే మాత్రలు ఆపేసి పన్ను పీకించుకునేవారున్నారు. స్టెంటులో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉందన్న సంగతి వారికి ఎవరు చెబుతారు?

ఇక ప్రభుత్వ ఆసుపత్రికి వస్తాను. సామాజిక ఆరోగ్య కేంద్రంలో దంతవైద్యుడు ఉండాలన్నది ప్రభుత్వం రాసుకున్న ప్రమాణమే. జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమం 2014-15 నుంచి కాగితాల మీద దివ్యంగా నడుస్తోంది. మా పట్టణపు ఆసుపత్రిలో కుర్చీ ఉంది, కుర్చీ మీద దీపమూ ఉంది. పళ్ళ పరికరాలకు గాలి అందించే కంప్రెసర్ చెడిపోయి రెండేళ్ళయింది, డాక్టరుగారు డిప్యుటేషన్‌పై మరోచోట ఉన్నారు. ప్రస్తుతం ఆ కుర్చీలో పోలియో చుక్కల ఫ్లెక్సీ చుట్టలు నడుం వాల్చి విశ్రాంతి తీసుకుంటున్నాయి. వారానికొక రోజు వేరే డాక్టరు వస్తారు, ‘ఇక్కడ పీకడమే, పళ్ళకు గట్టిగా పట్టిన గార తీయడం లేదు’ అని నర్సమ్మ వాకిట్లోనే చెప్పేస్తుంది. గుండె ఆపరేషనుకు లక్షలు భరించే ప్రభుత్వానికి కంప్రెసర్ బాగు చేయించే స్తోమత లేదంటే నేను నమ్మను. ఏడాదికోసారి కొత్త ఉత్తర్వుతో నిషేధించే గుట్కా మాత్రం అదే ఆసుపత్రి ఎదుటి బడ్డీలో అడిగినవారికి అడిగినట్టు దొరుకుతోంది. చిగుళ్ళకూ గుండెకూ ఒకేసారి చేటు చేసే సరుకును తనిఖీకి వచ్చే అధికారులు చూడలేకపోవడం వారి కంటిజబ్బేమో తెలియదు.

గార తీయిస్తే పళ్ళు కదులుతాయన్న అపోహతో ఊరు ఊరంతా వెనకాడుతోంది. కదిలేది గార తీసినందుకు కాదు, ఏళ్ళ తరబడి గార కింద చిగురు విడిపోయి ఎముక కరిగినందుకు. గార ఇన్నాళ్ళూ ఆ సందులను కప్పిపెట్టింది, అంతే. ఇంత చిన్న విషయం చెప్పడానికి గుండె దినోత్సవపు ర్యాలీలో ఒక్క ప్లకార్డు కూడా కనబడలేదు. ఎర్ర టోపీలూ, మంత్రిగారి బొమ్మలూ మాత్రం సమృద్ధిగా కనిపించాయి.

మీరు సవరణ వేయదలిస్తే ఏడో పేజీ అడుగున చీమల బారులా కాక, ఆ శీర్షికకు వాడిన అక్షరాల్లోనే వేయమని కోరుతున్నాను. కవాటాల రోగుల సంగతి, మాత్రలు సొంతంగా ఆపరాదన్న సంగతి అందులో తప్పక చేర్చండి.

ఇట్లు,
ఒక విశ్రాంత సామాన్యశాస్త్ర ఉపాధ్యాయుడు,
ఉత్తరాంధ్ర