నాలుగొందల వాట్ల మాట నమ్మకు

అమలాపురం

ఒరేయ్ సూరిబాబూ,

కారులో పెట్టించడానికి చూసిన స్పీకర్లంటూ నువ్వు పంపిన ఫొటో చూశాను. ఎర్ర డబ్బా, దాని మీద బంగారు రంగులో ‘400 వాట్స్’, పక్కన మీ బావమరిది బొటనవేలు. ఆ వేలు చూస్తేనే తెలిసింది, బేరం సగం అయిపోయిందని. అడ్వాన్సు ఇవ్వలేదు కదా? ఇవ్వకపోతే ఈ ఉత్తరం మొత్తం చదివాక ఇద్దువుగాని. వాయిస్ మెసేజ్ పెడితే నువ్వు చెరువు గట్టు మీద ఏరేటర్ల మోతలో వింటావు, సగం బుర్రకెక్కదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

కారుతో కంపెనీ ఇచ్చిన టచ్ స్క్రీన్ స్టీరియో మార్చనన్నావు, స్పీకర్లకి పవర్ పెంచే యాంప్లిఫయర్ విడిగా పెట్టించనన్నావు. మంచిదే. స్టీరింగ్ మీద బటన్లు, వెనక కెమెరా అన్నీ దానికే ముడిపడి ఉన్నాయి, కదిపితే లేనిపోని తలనొప్పి. కానీ ఆ మాట అనుకున్నాక డబ్బా మీది వాట్లకి విలువ లేదురా. అది స్పీకరు తట్టుకోగలిగే పవర్, అది పుట్టించే పవర్ కాదు. నీ రొయ్యల చెరువు లెక్కలో చెప్పాలంటే అది పైపు సైజు, మోటారు హార్స్‌పవర్ కాదు. చిన్న మోటారుకి ఎనిమిదంగుళాల పైపు తగిలిస్తే నీళ్ళేమీ ఎక్కువ పడవు కదా.

మరి నీ మోటారు, అంటే ఆ స్టీరియో సంగతేంటి? దాని స్పెసిఫికేషన్‌లో ‘50 × 4’ అని ఉంటుంది, నాలుగు స్పీకర్లకి తలా 50 వాట్లని. ఆ 50 ఎక్కడిదో తెలుసా? ఇంజను తిరుగుతున్నప్పుడు కారులో కరెంటు సుమారు 14.4 వోల్టులు. దాన్ని దానితోనే గుణించి, స్పీకరు 4 ఓమ్‌లతో (కరెంటుకి అది చూపే నిరోధం) భాగించు, దాదాపు 52 వస్తుంది. అంటే పాట పూర్తిగా చితికిపోయి, వినలేని మోత అయినప్పటి పవర్ అన్నమాట. శుభ్రమైన శబ్దానికి అందులో సగం, 26 వాట్లు, లెక్క ప్రకారమే హద్దు. మామూలు కంపెనీ స్టీరియోల్లో నిజంగా చేతికొచ్చేది ఒక్కో స్పీకరుకి 15 నుంచి 20 వాట్లు. నీ బావమరిది 400 వాట్ల స్పీకరు కొన్నా, 60 వాట్లది కొన్నా దానికి అందేది ఆ ఇరవయ్యే.

కాబట్టి డబ్బా తిప్పి వెనక చూడు. చిన్న అక్షరాల్లో సెన్సిటివిటీ అని ఉంటుంది. ఒక వాటు ఇచ్చి ఒక మీటరు దూరంలో కొలిస్తే ఎన్ని డెసిబెల్స్ మోగుతుందో ఆ అంకె. ఇది చదివితే చాలు, సగం దుకాణం నీ ముందు తేలిపోతుంది. 3 డెసిబెల్స్ తేడా అంటే రెట్టింపు పవర్‌తో సమానం. 87 ఉన్న స్పీకరు 20 వాట్లకి ఎంత మోగుతుందో, 90 ఉన్నది 10 వాట్లకే అంత మోగుతుంది, 93 ఉన్నదానికి 5 చాలు. యాంప్లిఫయర్ లేని నీకు 90కి తగ్గినది వద్దు. ఖరీదైన పేర్లలో కొన్ని 87, 88 దగ్గరుంటాయి. అవి గొప్పవే, కానీ వెనక మంచి యాంప్లిఫయర్ ఉన్నవాడికి.

ఇక్కడో తిరకాసు ఉంది. కొందరు ‘1 వాటు’ అని రాయకుండా ‘2.83 వోల్టులు’ అని రాస్తారు. 8 ఓమ్‌ల ఇంటి స్పీకరుకి అది ఒక వాటే. 4 ఓమ్‌ల కారు స్పీకరుకి రెండు వాట్లు. అంటే 3 డెసిబెల్స్ ఊరికే కలిపి చూపిస్తున్నారు. అలా రాసినచోట మూడు తీసేసి పక్కదానితో పోల్చుకో.

ఓమ్‌లు కూడా చూడు. 4 ఉన్నదే తీసుకో. ఎక్కువ మోగుతుందని 2 ఓమ్‌లది అంటగట్టబోతారు. మామూలు స్టీరియో దానికి కరెంటు ఎక్కువ పంపలేక వేడెక్కుతుంది. టాప్ మోడళ్ళలో కంపెనీయే యాంప్లిఫయర్ పెట్టి ఇచ్చిన కార్ల కథ వేరు, వాటిలో ఓమ్‌లు కూడా వేరుగా ఉండొచ్చు. నీది మధ్యరకం కాబట్టి ఆ గొడవ లేదు. అనుమానముంటే పాతది విప్పినప్పుడు మల్టీమీటరు పెట్టు, 3 చిల్లర చూపిస్తే అది 4 ఓమ్‌లదే.

ఇక కోయాక్సియలా, కాంపోనెంటా అని అడిగావు. కోయాక్సియల్ అంటే పెద్ద కోను (స్పీకరులో అదిరే గరాటు లాంటి భాగం) మధ్యలోనే బుల్లి ట్వీటరు, అంటే సన్నటి శబ్దాలు పలికే చిన్న స్పీకరు, ఉండేది. కాంపోనెంటులో ట్వీటరు విడిగా వస్తుంది, మధ్యలో సన్నటి శబ్దాన్నీ లావు శబ్దాన్నీ విడదీసి పంపే క్రాసోవరు ఉంటుంది. నీ కారుకి అద్దం మూలలో కంపెనీ ట్వీటరు ఉందన్నావు కాబట్టి ఆలోచించకుండా కాంపోనెంటు తీసుకో. డోరు స్పీకరు నీ పిక్కల దగ్గర ఉంటుంది. అక్కడి నుంచి వచ్చే సన్నటి శబ్దమంతా నీ కాళ్ళు, చెల్లెమ్మ చీర తినేస్తాయి. ట్వీటరు పైన ఉంటే గాయకుడు డ్యాష్‌బోర్డు మీద నిలబడి పాడినట్టుంటుంది. ఒకవేళ కోయాక్సియలే కొంటే పైనున్న పాత ట్వీటరు కప్లర్ (వైరు ప్లగ్గు) మాత్రం తీసేయించు. రెండూ కలిస్తే చెవిలో ఈలే.

వెనక డోర్లు ముట్టుకోవద్దు. అక్కడ పాత స్పీకర్లే ఉంచి, ముందు వెనకల శబ్దం సర్దే ఫేడరు కొంచెం ముందుకి జరుపు. వెనక కూర్చునేది బుడ్డోడు, వాడు ఫోను చూసుకుంటాడు. ఆ డబ్బు మిగిల్చి ఎక్కడ పెట్టాలో చెప్తాను, అసలు విషయం అదే.

మన ప్రాంతంలో స్పీకరుని చంపేది వాల్యూం కాదు, తడి. డోరు లోపలికి నీళ్ళు రావని చాలామంది అనుకుంటారు. అద్దం పక్క రబ్బరు బీడింగ్ దాటి వాన నీళ్ళు లోపలికి దిగుతూనే ఉంటాయి, కింద రంధ్రాల్లోంచి పోతుంటాయి. ఏ కారైనా అలాగే చేస్తారు. అంటే నీ స్పీకరు వీపు ప్రతి వానకీ తడుస్తుంది. పైగా నీది ఆకివీడు, చుట్టూ ఉప్పు చెరువులు. కాగితపు కోను మంచి గొంతు పలుకుతుంది, నాకూ ఇష్టమే, కానీ పూత సరిగా లేకపోతే తేమ పీల్చి మెత్తబడుతుంది. నీకు పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ కోను, చుట్టూ రబ్బరు అంచు ఉన్నదే సరి. నురుగు లాంటి ఫోమ్ అంచు అసలు వద్దు, ఎండకీ తేమకీ పొడిపొడిగా రాలిపోతుంది. వైర్లు మెలిపెట్టి టేపు చుడతామంటే ఒప్పుకోకు. ఉప్పు గాలికి రాగి ఆకుపచ్చగా తిరిగిపోతుంది. కారు వైరు కత్తిరించకుండా కప్లర్‌కి కప్లర్ పెట్టమను, అతుకు తప్పనిచోట టంకం పెట్టి స్లీవ్ వేయమను.

స్పీకరు కింద రింగు చెక్కతో చేసిస్తామంటారు. చూడ్డానికి బాగుంటుంది, కానీ ఆ ఎం.డి.ఎఫ్ (చెక్కపొట్టు అదిమి చేసిన పలక) ముక్క ఒక్క వర్షాకాలానికే ఉబ్బుతుంది. ప్లాస్టిక్ రింగే అడుగు. బిగించే ముందు అద్దం పూర్తిగా కిందికి దించి చూడమను. మాగ్నెట్ లోతు ఎక్కువైతే అద్దం దానికే తగులుతుంది. 6.5 అంగుళాలు అని రెండు డబ్బాల మీద ఉన్నా లోతు ఒకటి కాదు, స్క్రూ రంధ్రాలూ ఒకటి కావు. కొనకముందే డోర్ ప్యాడ్ ఒకటి విప్పించి స్కేలు పెట్టి కొలు.

వెనక సీటు మీద మిగిల్చిన డబ్బు ఇదిగో ఇక్కడ పెట్టు: డ్యాంపింగ్ షీట్లు. డోరు రేకు పల్చన. స్పీకరు బేసు కొట్టినప్పుడల్లా ఆ రేకు కూడా డబడబలాడుతుంది. పైగా కోను ముందుకి తోసే గాలి, వెనక్కి తోసే గాలి పక్కనున్న పెద్ద రంధ్రంలోంచి కలిసిపోతే బేసు సగం అక్కడే చస్తుంది. బ్యూటైల్ రబ్బరు షీటు, పైన అల్యూమినియం పూత ఉన్నది తీసుకుని స్పీకరు వెనక రేకుకి అతికిస్తే, ఖరీదైన స్పీకరుకి మారినంత తేడా వస్తుంది. తారు షీటు చవక, కానీ మే నెల ఎండలో కారంతా తారు కంపు. కింద నీళ్ళు పోయే రంధ్రాలు మూయకూడదు. ప్లాస్టిక్ షీటు తీస్తే మళ్ళీ గట్టిగా అతికించాలి, లేకపోతే నీళ్ళు మ్యాట్ మీదికొస్తాయి. కొన్ని కార్లలో సైడ్ ఎయిర్‌బ్యాగ్ కోసం డోరులో గాలి ఒత్తిడి పసిగట్టే సెన్సరు ఉంటుంది. అలాంటివాటిలో డోరుని పూర్తిగా మూసేయకూడదు, నీ మోడల్ సంగతి సర్వీసు వాళ్ళని అడిగి మొదలుపెట్టు.

పేర్లు అడుగుతావని తెలుసు. జేబీఎల్, ఇన్ఫినిటీ రెండూ ఒకే గూటివి, హర్మన్ వాళ్ళవి. ఆ హర్మన్‌ని 2017లో శాంసంగ్ కొనేసింది. అందుకని ఆ రెంటి మధ్య తన్నుకోవద్దు, అంకెలు చూసి తీసుకో. సోనీ, పయనీర్‌లలోనూ నీకు సరిపోయేవి ఉంటాయి. ఏదైనా సరే బిల్లు, వారంటీ కార్డు లేకుండా తీసుకోకు, పెద్ద పేర్లకి డూప్లికేట్లు ఎక్కువ.

షాపులో బోర్డు మీద వాయించి చూపిస్తారు, ఆ మాయలో పడకు. అక్కడ వెనకాల వాళ్ళ యాంప్లిఫయర్ ఉంటుంది. ఏది కొంచెం గట్టిగా మోగితే అదే బాగున్నట్టు చెవికి అనిపిస్తుంది. రెండూ ఒకే స్థాయికి తగ్గించి వినిపించమను, బేసు, ట్రెబుల్ మధ్యలో పెట్టమను. పాటలు నువ్వే పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్ళు. మీ బావమరిది డీజే పాటల్లో ఏ స్పీకరైనా బాగానే ఉంటుంది. ఈమని శంకరశాస్త్రిగారి వీణ పెట్టు, ద్రాక్షారామంలో పుట్టినాయన. లేదా మన కాకినాడ చిట్టిబాబుగారిది. మీటు పడిన చోట తీగ మొన తెలియాలి, ఆ తర్వాత గమకం జారుతున్నంతసేపూ నాదం సన్నబడకూడదు. ఆ వెనక మృదంగం ఎడమ వైపు దెబ్బ ‘ధుం’ అని గుండ్రంగా రావాలి, ‘డబ్’ అని చదునుగా వస్తే ఆ స్పీకరు వద్దు. గొంతుకి మంగళంపల్లి బాలమురళిగారు చాలు. ఆయన పుట్టిన శంకరగుప్తం మనకి ఎంత దూరం! ఆయన మంద్రంలోకి దిగినప్పుడు గొంతు ముక్కులోంచి వస్తున్నట్టుంటే ఇంకోటి చూపించమను.

బిగించాక ఒక్కటి నువ్వే చూసుకోవాలి. ఎడమ, కుడి స్పీకర్లలో ఒకదాని ప్లస్ మైనస్ తారుమారైతే బేసు మాయమవుతుంది. మెకానిక్కి కూడా చటుక్కున తెలియదు. ప్యాడ్ మూయకముందే స్పీకరు ప్లస్‌కి పెన్ను సెల్ ప్లస్, మైనస్‌కి మైనస్ క్షణం తాకించు, కోను బయటికి పొంగాలి. లోపలికి పోతే గుర్తులు తప్పు. డోరు మూసేశాక అయితే బ్యాలెన్సు మధ్యలో పెట్టి విను, ఒక్క పక్కకి తిప్పితే బేసు పెరిగినట్టు అనిపిస్తే రెండూ ఎదురెదురుగా ఉన్నట్టే.

ఇంత చేసినా గుండెల్లో గుద్దే బేసు రాదు, ముందే చెప్తున్నా. 6.5 అంగుళాల కోను నుంచి, 20 వాట్లతో, ఎక్కువ సెన్సిటివిటీతో, లోతైన బేసు కూడా కావాలంటే కుదరదు. ఒకటి కావాలంటే ఒకటి వదులుకోవాలి. సంక్రాంతికి మీ వాళ్ళకి అదే కావాలంటే తర్వాత సీటు కింద పట్టే చిన్న సబ్‌వూఫరు, అంటే బేసు ఒక్కటే పలికే స్పీకరు, చూద్దాం. దానికి బ్యాటరీ నుంచి సొంత వైరు, బ్యాటరీ పక్కనే ఫ్యూజు ఉండాలి, ఆ పని నేనున్నప్పుడే చేయిద్దాం.

ప్యాడ్ విప్పిన రోజు మూడు కొలతలు రాసి పంపు: రంధ్రం వెడల్పు, స్క్రూల మధ్య దూరం, అద్దం దించాక మిగిలే లోతు. డబ్బా వెనక ఫొటో కూడా పంపు, ఈసారి బొటనవేలు లేకుండా. ఆదివారం షాపుకి వెళ్ళకు, రద్దీలో ఎవడూ నిదానంగా బిగించడు. మంగళవారమో బుధవారమో పొద్దున్నే చించినాడ వంతెన దాటి ఇటొచ్చేస్తే నేనే దగ్గరుండి చేయిస్తాను. బాబాయికి మోకాలి నొప్పి తగ్గిందో లేదో రాయనే లేదు నువ్వు, అది కూడా చెప్పు.

నీ
సత్తిబాబు