అమ్మలూ, ఈసారి ఎవరికీ చెప్పను

చి. ల. సౌ. శిరీషకు,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ నాన్న, బామ్మ, నేను క్షేమం. నువ్వు, అల్లుడు గారు క్షేమమని తలుస్తాను.

వారం నుంచి ఒకటే ముసురు. ధవళేశ్వరం దగ్గర నీళ్ళు 11.75 అడుగులు దాటాయని నిన్న మొదటి హెచ్చరిక ఇచ్చారు. నాన్న గొడుగేసుకుని పొద్దున్నే ఏటిగట్టు మీదికి వెళ్ళి చూసొస్తున్నారు, జారి పడతారు వద్దంటే వినరు. చిన్నాన్న వాళ్ళ కొబ్బరికాయల దింపు అయింది. శ్రావణ మాసం కదా, కాయకి ధర బాగానే పలికిందట. బామ్మ మోకాలికి నువ్వు పంపిన పట్టీ కట్టుకుంటోంది. రాత్రిళ్ళు ఇప్పేస్తోంది, చెప్పినా వినదు.

ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకు అంటావు. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు కదమ్మా. సరిగ్గా మాట్లాడుకుని పదకొండు రోజులయింది. వాట్సాప్‌లో ‘బిజీ అమ్మా, తర్వాత చేస్తా’ అని పెడుతున్నావు. ఉద్యోగం ఉన్నదానివి, బిజీ ఉంటుంది, కాదనను. కానీ ఆ ఆదివారం ఫోన్ పెట్టేసే ముందు, ‘డేట్‌కి ముందు ఛాతీ ఇంతలా సలుపుతుందా అమ్మా?’ అని అడిగావు. నేను నోరు తెరిచేలోపు ఎవరో బెల్ కొట్టారంటూ పెట్టేశావు. ఆ ప్రశ్న నా దగ్గరే ఉండిపోయింది. స్టవ్ దగ్గర నిలబడ్డా అదే, దేవుడి దగ్గర కూర్చున్నా అదే.

సామర్లకోట అత్తయ్య కూడా మొన్న ఫోన్ చేసింది. గృహప్రవేశంలో నువ్వు పరమాన్నం వాసనకి మొహం తిప్పుకున్నావట, మధ్యాహ్నమంతా పైగదిలో పడుకునే ఉన్నావట. ‘విశేషమేమో వదినా’ అంది. ‘రాత్రంతా బస్సులో వచ్చింది, పైత్యం చేసి ఉంటుంది’ అని మాట మార్చేశాను. ఒట్టు, అంతకుమించి ఒక్క ముక్క మాట్లాడలేదు.

నీ ప్రశ్నకి జవాబు చెబుతాను. అమ్మ మాటగా వినాలనిపించకపోతే 33 ఏళ్ళు సబ్‌సెంటర్లో పనిచేసిన ఏ.ఎన్.ఎం. నర్సు మాటగా విను.

అవును, సలుపుతుంది. డేట్‌కి ముందూ సలుపుతుంది, కడుపు నిలిచినా సలుపుతుంది. అండం విడుదలైన దగ్గర నుంచి ఒంట్లో ప్రొజెస్టరాన్ అనే హార్మోను పెరుగుతుంది. ఛాతీ బరువెక్కడం, నిద్రమత్తు, పొట్ట ఉబ్బరం, ఊరికే ఏడుపు రావడం, ఇవన్నీ అది చేసే పనులే. కడుపు నిలవకపోతే రెండు వారాలకి అది పడిపోతుంది, నెలసరి వస్తుంది, వచ్చిన ఒకటి రెండు రోజుల్లో ఆ సలుపు తగ్గిపోతుంది. నిలిస్తే అది పడిపోదు, సలుపూ పోదు. అందుకే డేట్ రాకముందు ఒంట్లో తేడాలు చూసి ఇది నెలసరికా, కడుపు నిలిచినందుకా అని ఎవరూ చెప్పలేరు. అత్తయ్య చెప్పలేదు, నేనూ చెప్పలేను. నువ్వు రాత్రిపూట ఫోన్లో వెతుక్కుంటూ కూర్చున్నా తేలదు. నిద్ర పాడవుతుంది, అంతే.

వికారం సంగతి కూడా చెబుతాను. వేవిళ్ళు సాధారణంగా నెల తప్పిన రెండు వారాలకి మొదలవుతాయి. కొందరికి అంతకంటే ముందే రావచ్చు. కానీ డేట్ ఇంకా రాకుండానే పరమాన్నం వాసన పడలేదంటే, మధ్యాహ్నం దాకా ఏమీ తినకపోవడం వల్ల గ్యాస్ అయినా కావచ్చు. నువ్వు పొద్దున టిఫిన్ మానేస్తున్నావని నాకు తెలుసు. అల్లుడు గారు మీ నాన్నతో అన్నారు. ఆయన్ని ఏమీ అనకు, మనసులో మాట దాచుకోలేని మనిషి. ఇడ్లీ పిండి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే పది నిమిషాల పని.

ఇక మరక కనపడడం. అక్కడే నేను పొరపడ్డాను. నువ్వు తుఫాను ఏడాది కడుపున పడ్డావని బామ్మ అంటూ ఉంటుంది కానీ పూర్తి సంగతి నీకెప్పుడూ చెప్పలేదు.

1996 నవంబరు 6, బుధవారం. సాయంత్రం నుంచి గాలి మొదలైంది. అప్పుడు నేను కాట్రేనికోన వైపు సబ్‌సెంటర్లో చేసేదాన్ని. పెంకులన్నీ ఎగిరిపోయాయి. నాన్న, నేను, బామ్మ వంటింటి గోడ పక్కన మంచం కింద కూర్చుని ఆ రాత్రి గడిపాం. తెల్లారి బయటికొస్తే ఒక్క కొబ్బరిచెట్టు నిటారుగా లేదు. వేటకెళ్ళిన మగవాళ్ళ కోసం ఆడవాళ్ళు రేవు దగ్గర రోజుల తరబడి కూర్చున్నారు. కరెంటు లేదు, బావుల్లో ఉప్పునీళ్ళు. నేను క్లోరిన్ బిళ్ళలు, ఓఆర్ఎస్ పొట్లాలు సంచిలో వేసుకుని ఊరూరా నడిచాను. కూలిన చెట్లెక్కి దాటుతూ రోజుకి ఎన్ని మైళ్ళు నడిచానో లెక్కలేదు. నాలుగో రోజు దీపావళి. మన వీధిలో ఎవరూ దీపం పెట్టలేదు. ఆ మర్నాడు నాకు కాస్త మరక కనపడింది. నా డేట్ 15న. నాలుగు రోజులు ముందే వచ్చేసిందే అనుకున్నాను. ఇంత నడక, ఇంత దుఃఖం, తిండి లేదు, ముందు రాక ఏం చేస్తుంది అనుకున్నాను. గోధుమరంగులో కొద్దిగా, పాత గుడ్డ కూడా తడవనంత. మర్నాటికి ఆగిపోయింది. ఒంట్లో రక్తం లేదు, అందుకే తక్కువైంది అనుకుని ఐరన్ మాత్రలు మింగాను.

తర్వాత వికారం మొదలైంది. పశువుల కళేబరాల వాసన వల్ల అనుకున్నాను. ఊళ్ళో అందరికీ కడుపులో తిప్పుతూనే ఉంది మరి. నీరసం నడక వల్ల అనుకున్నాను. నడుంనొప్పికి ఇంట్లో ఉన్న ఏవో మాత్రలు నాలుగైదు రోజులు వేసుకున్నాను. డిసెంబరు పదికి రావలసినది రాకపోతే అప్పుడు అనుమానం వచ్చింది. అప్పట్లో మా సబ్‌సెంటర్లో కడుపు నిలిచిందో లేదో చూసే కిట్ ఉండేది కాదు. జనవరిలో పీహెచ్‌సీకి వెళ్తే డాక్టరమ్మ పొట్ట పట్టి చూసి, ‘లెక్క సరిగ్గానే చెబుతున్నావా?’ అని అడిగింది. ‘నేను ఏ.ఎన్.ఎం.ని మేడమ్, నాకు తెలియదా’ అన్నాను. ఆఖరి నెలసరి నవంబరు 11 అని చెప్పాను. కార్డు మీద పురుడు తేదీ ఆగస్టు 18 అని పడింది.

నొప్పులు జూలై 22న వచ్చాయి. కార్డు లెక్కన ఎనిమిది నెలల మీద పదకొండు రోజులు. ఎనిమిదో నెల బిడ్డ దక్కదని బామ్మ ఏడుపు. వానలో జీపులో అమలాపురం తీసుకెళ్ళారు. దారంతా నాకు ఆ నడుంనొప్పి మాత్రలే కళ్ళ ముందు కనపడ్డాయి, నేనే ఏదో చేశాను నా బిడ్డకి అని. తీరా నువ్వు 2.9 కిలోలు పుట్టావు, గోళ్ళు వేలి చివర దాటి పెరిగి ఉన్నాయి. ‘ఇది నెలలు నిండిన బిడ్డ, నీ తేదీయే తప్పు’ అంది డాక్టరమ్మ. నవంబరు 11న నేను చూసింది నెలసరి కాదు, నువ్వే. గర్భసంచి గోడకి పిండం అంటుకునేటప్పుడు కొందరికి అలా కాస్త మరక కనపడుతుంది. అండం విడుదలైన పది పన్నెండు రోజులకి, అంటే ఇంచుమించు డేట్‌కి ముందే. అందరికీ కనపడదు. గులాబీ రంగులోనో గోధుమ రంగులోనో ఉంటుంది, పెరగదు, గడ్డలు పడవు, ఒకటి రెండు రోజుల్లో ఆగిపోతుంది. నెలసరి అయితే కొంచెంగా మొదలైనా రెండో రోజుకి ఎర్రగా జోరందుకుంటుంది. ఇది నేను వందమందికి చెప్పినదే. నా ఒంటి దగ్గరికి వచ్చేసరికి తెలుసుకోలేకపోయాను.

అందుకే అమ్మలూ, నీకు ఎప్పుడు ఎంత కనపడినా తారీకు, రంగు, ఎన్నాళ్ళు ఉందో క్యాలెండర్ మీద రాసి పెట్టుకో. డాక్టర్ దగ్గర చెప్పేటప్పుడు మామూలుగా వచ్చిన ఆఖరి నెలసరి తారీకు చెప్పాలి. నెలలు లెక్కపెట్టేది దాన్నుంచే.

నీకు థైరాయిడ్ ఉంది, డేట్లు ఎప్పుడూ ఒకేలా రావు. ఒకసారి 27 రోజులకి, ఒకసారి 38 రోజులకి. కాబట్టి నాలుగు రోజులు ఆలస్యమైతే అది విశేషమే అనుకోవద్దు, కాదనీ అనుకోవద్దు. మీ ఇద్దరూ కలిసిన రోజు నుంచి 21 రోజులు దాటాక చూసుకుంటే కిట్ మాట నమ్మొచ్చు. పొద్దున లేవగానే మొదటిసారి వచ్చే మూత్రంతో చూడాలి. రాత్రి బోలెడు నీళ్ళు తాగి పడుకోకు. ప్యాకెట్ మీద ఎన్ని చుక్కలు అని ఉంటే అన్నే వేయాలి. అయిదు నిమిషాల తర్వాత చూడు. సి దగ్గర గీత రాకపోతే ఆ కిట్ పనిచేయలేదని అర్థం. టి దగ్గర లేతగా వచ్చినా గీత గీతే. చెత్తబుట్టలో పడేసిన కిట్‌ని మధ్యాహ్నం మళ్ళీ తీసి చూడకు. ఆరిపోయాక కనపడే రంగులేని గీత లెక్కలోకి రాదు. టి దగ్గర గీత రాలేదంటే మూడు నాలుగు రోజులాగి మళ్ళీ చూడు. కిట్ పసిగట్టేది హెచ్‌సీజీ అనే వేరే హార్మోనుని, అది మొదట్లో రెండు మూడు రోజులకోసారి రెట్టింపవుతుంది, ఇవాళ అందనిది నాలుగు రోజుల తర్వాత అందుతుంది. అప్పటికీ తేలకపోతే రక్తపరీక్ష ఉంది.

తేలేదాకా ఆ నొప్పి మాత్ర, మెఫ్తాల్, వేసుకోకు. ప్రతి నెలా మొదటి రోజు నువ్వది వేసుకుంటావని తెలుసు. నొప్పి ఉంటే పారాసిటమాల్ వేసుకో, వేడినీళ్ళ సంచి నడుముకి పెట్టుకో. థైరాయిడ్ మాత్ర మాత్రం ఒక్కరోజు మానకు. పరగడుపున వేసుకుని అరగంట దాకా కాఫీ తాగకు. గీత వస్తే ఆ వారంలోనే థైరాయిడ్ రక్తపరీక్ష, టీఎస్‌హెచ్, చేయించుకో, మోతాదు పెంచాల్సి రావచ్చు. ఫోలిక్ యాసిడ్ అయితే రోజుకి 400 మైక్రోగ్రాములు ఇప్పటి నుంచే వేసుకోవచ్చు. నెల తప్పేదాకా ఆగక్కర్లేదు.

ఒక్కటి మాత్రం తేలిగ్గా తీసుకోకు. నెల తప్పి, పొట్టలో ఒక పక్కే గట్టిగా నొప్పి, కళ్ళు తిరగడం, భుజం చివర నొప్పి, రక్తం కనపడటం, వీటిలో ఏది వచ్చినా అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్ళు. పిండం సంచిలో కాక ట్యూబులో పడితే అలా వస్తుంది. పొద్దున చూద్దాంలే అనకు. మా సబ్‌సెంటర్లో అలా ఆగినవాళ్ళని చూశాను.

ఇంత రాసి, రాయాల్సింది ఇంకా రాయలేదు. ఉగాది సంగతి.

ఆ రోజు నువ్వు లేత గీత ఫోటో పంపావు. ‘ఇప్పుడే ఎవరికీ చెప్పకమ్మా’ అని కింద రాశావు. నేను చూశాను. చూసి కూడా అత్తయ్యకి చెప్పాను. సంతోషం పట్టలేకపోయాను. సాయంత్రానికి నీకు నాలుగు ఫోన్లు వెళ్ళాయి. అయిదు రోజులకి నీకు నెలసరి వచ్చింది. అప్పుడు నువ్వు ఏడవలేదు, అరవలేదు. ‘ఇంకెవరెవరికి చెప్పావమ్మా?’ అని మాత్రం అడిగావు. వాళ్ళందరికీ కూర్చుని నువ్వే ఫోన్ చేసి లేదని చెప్పుకోవాల్సి వచ్చింది. నేను చేయాల్సిన పని నీ చేత చేయించాను. క్షమించు తల్లీ.

అది నీ తప్పు వల్ల జరగలేదు. నువ్వు ఆ వారం స్కూటీ నడిపినందుకు కాదు, బామ్మ అన్నట్టు బొప్పాయి ముక్క తిన్నందుకూ కాదు. పిండం అంటుకుని నిలవలేకపోయింది. చాలాసార్లు క్రోమోజోముల్లోనే తేడా ఉండి అలా పోతుంది. కిట్ పెట్టి చూడకపోతే డేట్ అయిదు రోజులు ఆలస్యమైందనే అనుకునేవాళ్ళం. ఎందరికో తెలియకుండానే జరిగిపోతుంది. మళ్ళీ నిలవదని కాదు.

అందుకే ఈసారి నాకు చెప్పడానికి వెనకాడుతున్నావని అనుకుంటున్నాను. చెప్పకపోయినా ఏమీ అనుకోను. చెబితే మాత్రం నాన్నకి కూడా నువ్వు చెప్పమన్నప్పుడే చెబుతాను. గీత వచ్చినా సరే, రాకపోయినా సరే, నెలసరి వచ్చేసినా సరే, ఏది జరిగినా ఒకసారి ఫోన్ చెయ్యి. మాట్లాడాలనిపించకపోతే మాట్లాడొద్దు, ఊరికే లైన్లో ఉండు.

ఈ ఉత్తరం పార్సెల్‌లోనే పెడుతున్నాను. సున్నుండలు రెండు డబ్బాలు. చిన్న డబ్బాలోవి నెయ్యి తక్కువ వేసి చేశాను, వికారం ఉన్నా తినబుద్ధవుతుంది. ఉసిరికాయ పచ్చడి, కరివేపాకు పొడి, చింతపండు. నిమ్మకాయలు మన చెట్టువే, వాసన పడనప్పుడు ఒకటి కోసి పక్కన పెట్టుకో. అడుగున తువ్వాలులో చుట్టి రెండు కిట్లు పెట్టాను. మన ఊళ్ళో కొంటే అడుగుతారని రావులపాలెం వెళ్ళి తెచ్చాను. గడువు తేదీ చూసే తెచ్చాను, నువ్వు కూడా ఓసారి చూసుకో.

పార్సెల్ శనివారానికి అందుతుందన్నారు. అందగానే సున్నుండలు గాలి తగలని డబ్బాలోకి మార్చు. ఒక మిస్డ్ కాల్ ఇవ్వు.

అమ్మ