నా కాగితాలు దిద్దిన ఇమామ్ సాబ్‌కు, పాస్టర్ గారికి

మొన్న ఆదివారం హన్మకొండలో, పుస్తకాలు చదివే మా మిత్రుల ముందు, నాస్తికుడిగా ఇస్లాంనూ క్రైస్తవాన్నీ ఎలా చూస్తానో గంటన్నర చెప్పాను. విన్నవాళ్లు మంచిగా ఉందన్నారు. ఆ మంచిలో సగం పైగా కాజీపేట వైపు ఒక మసీదులో ఉండే ఇమామ్ సాబ్‌ది, హన్మకొండలోని ఒక పాస్టర్ గారిది. పేర్లు రాయొద్దని ఇద్దరూ గట్టిగా చెప్పారు, రాయను. కృతజ్ఞత మాత్రం అందరి ముందూ చెప్పుకోవాలి.

నేను ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన టీచర్ని. ఇంటర్ రోజుల నుంచీ దేవుడి మీద నమ్మకం లేదు. ప్రసంగం కోసం పేజీకి మధ్యలో గీత గీసి, ఖురాన్‌కు ఎదురుగా బైబిల్, ముహమ్మద్ ప్రవక్తకు ఎదురుగా యేసు, ముస్లింలు ఇచ్చే జకాత్ దానానికి ఎదురుగా క్రైస్తవులు చర్చికి ఇచ్చే దశమభాగం, ఇలా నలభై పేజీలు రాసుకున్నాను. చెప్పేముందు నమ్మేవాళ్లు ఒకసారి చూస్తే బాగుండుననిపించింది. నేను నాస్తికుడినని ముందే చెప్పి ఇద్దరి దగ్గరికీ వెళ్లాను. కసురుకుంటారేమోనని టెన్షన్ పడ్డాను. ఇద్దరూ కూర్చోబెట్టి చాయ్ ఇచ్చి కాగితాలు తీసుకున్నారు.

పాస్టర్ గారు మొదటి పేజీలోనే ఆగిపోయారు. "సార్, గీత దగ్గరే తప్పు పోయింది. ముస్లింలకు దేవుని వాక్కు అంటే ఖురాన్. మాకు వాక్కు అంటే యేసే. ఆయన గురించి మనుషులు రాసినయి సువార్తలు. మీరు ఖురాన్ ఎదురుగా యేసును పెట్టాలె" అన్నారు. వారం తర్వాత ఇమామ్ సాబ్‌కు ఇదే చెబితే, "బరాబర్ చెప్పిండు" అని తలూపారు. ఖురాన్ దాదాపు 23 ఏళ్లలో అవతరించిందని ముస్లింల విశ్వాసం. ఆ అరబీ మాటే దేవుడి మాట. తెలుగులోకి తెస్తే అది అర్థమే తప్ప ఖురాన్ కాదంటారు. యేసు మాట్లాడింది ప్రధానంగా అరామిక్, సువార్తలు మనకు దొరికింది గ్రీకులో. నాలుగు సువార్తలకూ మధ్య ఉన్న తేడాలు ఏకరువు పెట్టి క్రైస్తవం ఓడిందని నేను రాసుకున్నాను. సువార్తల ఎదురుగా పెట్టాల్సింది ప్రవక్త జీవితాన్ని చెప్పే హదీసులనూ సీరా గ్రంథాలనూ అని ఆ రోజు తెలిసింది. దాంతో నేను అడగాల్సిన ప్రశ్నలు కూడా మారాయి. ఇస్లాంను అడగాల్సింది, ఈ మాటలు మనిషివి కావని ఎలా తెలుస్తుంది అని. క్రైస్తవాన్ని అడగాల్సింది, చనిపోయిన ఒక మనిషి లేచాడని ఎలా నమ్మాలి అని. రెండింటికీ ఒకటే ప్రశ్న వేసి ఇన్నేళ్లు తిరిగాను.

లెక్కల టీచర్ని అయ్యుండి లెక్కలోనే ఇంకో తప్పు చేశాను. జకాత్ రెండున్నర శాతం, దశమభాగం పది శాతం, కాబట్టి క్రైస్తవులు నాలుగింతలు ఇస్తారని రాశాను. ఇమామ్ సాబ్ పెన్ను తీసుకుని కొట్టేశారు. దశమభాగం ఆదాయం మీద. జకాత్ ఒక పరిమితి దాటి ఏడాది నిలిచిన డబ్బు, బంగారం, సరుకు లాంటి ఆస్తి మీద. ఆ రెండు శాతాలూ ఒక చోట పెట్టి కొలిచేవి కావు.

అన్నీ ఒప్పుకున్నానని కాదు. యేసును సిలువ వేయలేదని ఖురాన్ అంటుంది. రోమన్ గవర్నర్ పొంతి పిలాతు కాలంలో వేశారని, మతం లేనివాళ్లతో సహా, చరిత్రకారులు దాదాపు అందరూ ఒప్పుకుంటారు. ఈ విషయంలో చరిత్ర క్రైస్తవుల వైపే ఉందని ఇమామ్ సాబ్ ముఖం మీదే చెప్పాను. ఆయన కోపం తెచ్చుకోలేదు. "మీ మాట మీరు చెప్పుండ్రి. మా మాట కూడా నాలుగో సూరా (అధ్యాయం), 157వ ఆయత్ (వాక్యం) అని నంబరుతో చెప్పుండ్రి" అన్నారు. అలాగే చెప్పాను. పునరుత్థానం దగ్గర పాస్టర్ గారితో రెండు గంటలు వాదించాను. ఆయన తగ్గలేదు, నేనూ తగ్గలేదు. వాన పడుతుంటే గొడుగిచ్చి పంపారు.

కులం గురించి నేను అడగకముందే వాళ్లే ఎత్తారు. నాకు అన్నిటికన్నా విలువైన మాటలు అవే. రెండు మతాలూ దేవుడి ముందు అందరూ సమానమే అంటాయి. "మా దగ్గర మాల చర్చి, మాదిగ చర్చి అని ఇంకా పిలుస్తరు సార్" అన్నారు పాస్టర్ గారు. ముస్లింలలోనే దూదేకుల కులం వాళ్ల ఇంటికి పిల్లనివ్వడానికి వెనకాడేవాళ్లు ఉన్నారని ఇమామ్ సాబ్ చెప్పారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకో ఇస్లాంలోకో మారిన దళితుడికి ఎస్సీ హోదా లేదు. మతం మారితే హోదా పోయింది, కులం పోలేదు. నాస్తికుడిగా నాకు ఈ మతాలతో ఉన్న అసలు పేచీ ఇక్కడే. దాన్ని నాకంటే సూటిగా చెప్పింది వాళ్లిద్దరే.

ఇంకో సంగతి కూడా పాస్టర్ గారి దగ్గరే విన్నాను. మన కాజీపేట ఫాతిమా చర్చి పేరు పోర్చుగల్‌లోని ఫాతిమా ఊరిది. 1917లో అక్కడ మరియమాత కనిపించిందని కాథలిక్కుల నమ్మకం. ఆ ఊరి పేరేమో అరబీ పేరు, ప్రవక్త కూతురికి ఉన్న పేరే. దర్గా ఉన్న ఊళ్లోనే ఈ చర్చి. ఇన్నేళ్లు దాని ముందు నుంచి పోతూ ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

గది ఇచ్చిన మిత్రుడికి, రాత్రి కూర్చుని కాగితాలన్నీ మళ్లీ టైప్ చేసిన మా పక్కింటి డిగ్రీ అమ్మాయికి కూడా ధన్యవాదాలు.

గొడుగు నిన్న తిరిగిచ్చాను. ఇమామ్ సాబ్ ఇచ్చిన తెలుగు ఖురాన్ అనువాదం ఇంకా నా దగ్గరే ఉంది. యేసు తల్లి పేరు మీద ఉన్న 19వ సూరా, మర్యమ్, సగంలో ఉన్నాను. అది పూర్తి చేసి శుక్రవారం నమాజు అయ్యాక తెచ్చిస్తాను సాబ్. కొన్ని ప్రశ్నలు రాసి పెట్టుకున్నాను, ఓ గంట టైం ఉంచండి.