చెరువు లెక్కతో మొదలుపెట్టండి

సంపాదకుల వారికి నమస్కారం.

కోనసీమ, భీమవరం ప్రాంతాల డిగ్రీ విద్యార్థులు కోడింగ్ నేర్చుకోవడానికి నాలుగైదు ఆన్‌లైన్ కోర్సులు ఒకేసారి మొదలుపెట్టి, మూడో వారానికి అన్నీ వదిలేస్తున్నారు. ఒక్కటి పట్టుకోవాలి. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల వేదిక ‘స్వయం’లో ఐఐటీల అధ్యాపకులు చెప్పే ఎన్‌పీటీఈఎల్ పాఠాలు ఉచితం, పరీక్ష రాస్తేనే రుసుము.

వీడియో చూస్తుంటే అంతా అర్థమైనట్టే ఉంటుంది. ఖాళీ తెర ముందు కూర్చుంటే చెయ్యి ఆడదు. అందుకే పాఠం మూసేసి అదే ప్రోగ్రామ్ మళ్లీ సొంతంగా రాయాలి. ఆ తర్వాత మన ఊరి పని తీసుకోవాలి: రొయ్యల చెరువులో కరిగిన ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా పడిపోతుంది కదా, రోజువారీ కొలతలు నమోదు చేసి, లీటరుకు 4 మిల్లీగ్రాముల కిందికి దిగితే హెచ్చరించే చిన్న ప్రోగ్రామ్, పైథాన్ అనే కోడింగ్ భాషలో. కొలత తీయని పూట ఖాళీ గడిని సున్నాగా చదివిస్తే అబద్ధపు హెచ్చరిక వస్తుంది. ఈ తప్పును తానే పట్టుకుని సరిచేసిన విద్యార్థికి ఇంటర్వ్యూలో చెప్పడానికి గట్టి విషయం ఉన్నట్టే. రాసిన కోడ్‌ను నలుగురికీ చూపించే గిట్‌హబ్ వెబ్‌సైట్‌లో పెట్టేటప్పుడు మాత్రం పాస్‌వర్డులున్న ఫైలు చేర్చకూడదు. తర్వాత తొలగించినా, అక్కడ నమోదయ్యే పాత మార్పుల చరిత్రలో మిగిలే ఉంటుంది.

‘కోడ్ రావట్లేదండీ’ అంటే ఏ మెంటరూ సాయం చేయలేరు. ఎర్రర్ సందేశం ఉన్నదున్నట్టు, ఇచ్చిన ఇన్‌పుట్, రావాల్సిన జవాబు, వచ్చిన జవాబు, అప్పటికే చేసి చూసినవి రాసి పంపాలి.

హైదరాబాద్, బెంగళూరుల్లో స్థిరపడిన మన కాలేజీల పూర్వ విద్యార్థులు వారానికి అరగంట, ఒక్క విద్యార్థి కోడ్ చదివి పెట్టండి. ఆ లంకె కుదిర్చే పనిని కాలేజీల ప్లేస్‌మెంట్ విభాగాలు ఈ సెమిస్టర్‌లోనే మొదలుపెట్టాలి.

– ఒక పాఠకుడు, అమలాపురం