నీ చిల్లర సీసా సంగతి

నా చిట్టితల్లికి,

అమ్మ దీవించి రాస్తున్న ఉత్తరం.

నిన్న ఫోన్‌లో నువ్వన్న మాట రాత్రంతా నా బుర్రలో తిరుగుతూనే ఉంది. "సీసా నిండిపోయిందమ్మా, మూత కూడా పట్టట్లేదు. అంత చిల్లర ఎవరు లెక్కపెడతారు? ఎక్కడైనా చిల్లర లెక్కపెట్టి డబ్బిచ్చే మెషీన్‌లో పోసేసి ఎంతొస్తే అంత తీసుకుంటా" అన్నావు. ఫోన్‌లో చెబితే "సరేలే అమ్మా" అని పెట్టేస్తావు, అందుకే కూర్చుని రాస్తున్నాను. ఇరవై ఏడేళ్ళు బ్యాంకు క్యాష్ కౌంటర్‌లో పనిచేసినదాన్ని. చిల్లర గురించి నాకు తెలిసింది నీకు కాకపోతే ఇంకెవరికి చెప్తాను?

నాలుగేళ్ళుగా ఇంటికి రాగానే పర్సు దులిపి వేసిన డబ్బు అది. నీ జీతంలోంచి వచ్చిందే కదా. జీతం పడ్డప్పుడు అంకె చూసుకోకుండా ఉంటావా? దీనికీ అంతే. సీసాలో ఎంతుందో నీకు తెలిశాకే అది నీ చెయ్యి దాటాలి. ఆ తర్వాత మెషీన్‌లో వేస్తావో, బ్యాంకులో కడతావో నీ ఇష్టం.

నేల మీద పాత దుప్పటి పరిచి దాని మీద పొయ్యి. గచ్చు మీద పోస్తే మంచాల కిందికీ బీరువాల కిందికీ దొర్లిపోతాయి. ఒక్క దెబ్బన కుమ్మరించకు, గుప్పెడు గుప్పెడు తియ్యి. ముందు చిల్లర కానివన్నీ ఏరెయ్యి. గుండీలు, పిన్నీసులు, వాచీ బ్యాటరీ, ఎప్పటిదో తాళం చెవి, ఏదో ప్రయాణంలో చేరిన వేరే దేశపు నాణెం, ఇవన్నీ ఉంటాయి చూడు. అయస్కాంతం పెట్టి ఏరొచ్చు కదా అనుకుంటావేమో, పనిచెయ్యదు. ఇప్పుడు చాలా దేశాల చిన్న నాణేలు స్టీలువే, అవీ అంటుకుంటాయి. బ్రిటన్ పెన్నీ అయితే మరీ విచిత్రం. 1992లో స్టీలు మీద రాగి పూత వెయ్యడం మొదలుపెట్టారు, అంతకుముందువి కంచువి. పైకి రెండూ ఒకలాగే కనిపిస్తాయి, ఒకటి అయస్కాంతానికి అంటుకుంటుంది, ఇంకోటి కదలనైనా కదలదు. రెండూ చెల్లుతాయి. కాబట్టి కంటితోనే ఏరుకో.

జిగురు పట్టినవి ఉంటే సబ్బు నీళ్ళలో వేసి తీసి ఆరబెట్టు, చాలు. పాతవి, ఎప్పుడూ చూడనివి కనిపిస్తే మాత్రం తోమకు, పక్కన పెట్టు. నాణేలు సేకరించేవాళ్ళు తోమి మెరిపించిన వాటికి ధర తగ్గించేస్తారు. మెరుపు కోసం రుద్దితే పైపొర పోతుంది, అది మళ్ళీ రాదు.

ఇక రకాలుగా విడదియ్యి. ఇక్కడ నాకెంతో ఇష్టమైన సంగతి ఒకటుంది. కళ్ళు మూసుకుని బొటనవేలితో అంచు తడుముతూ పో. కొన్నిటి అంచు నున్నగా ఉంటుంది, కొన్నిటికి సన్నటి గీతలుంటాయి. వెండి బంగారాలతో నాణేలు చేసిన రోజుల్లో జనం అంచులు కొంచెం కొంచెం గీకి ఆ పొడి దాచుకునేవాళ్ళు, నాణెం మాత్రం పూర్తి విలువకే చలామణీ చేసేవాళ్ళు. ఆ గీకుడు కనిపెట్టడానికే అంచుల మీద గీతలు, అక్షరాలు వెయ్యడం మొదలైంది. ఇంగ్లండులో 1696లో చేత్తో కొట్టిన పాత వెండి నాణేలన్నిటినీ వెనక్కి రప్పించి, కరిగించి, యంత్రంతో ముద్రించే పెద్ద పని పెట్టుకున్నారు. అదే ఏడు ఐజాక్ న్యూటన్ నాణేలు ముద్రించే లండన్ టంకశాలలో వార్డెన్ అనే అధికారిగా చేరాడు. ఇప్పుడు నాణేల్లో వెండీ లేదు, గీకేవాడూ లేడు. అయినా ఆ గీతలు ఉండిపోయాయి. కరెంటు పోయినప్పుడు కౌంటర్‌లో నా బొటనవేలికి అవే దారి చూపించేవి. చూపు లేనివాళ్ళకైతే రోజూ అవే ఆధారం.

లెక్కపెట్టడం నువ్వు భయపడినంత పని కాదు. ఒక రకంలో పది నాణేలు సరిగ్గా లెక్కపెట్టి ఒకదాని మీద ఒకటి పేర్చు. దాని పక్కనే అదే ఎత్తు వచ్చేదాకా ఇంకో దొంతర పేర్చు. ఒక స్కేలు అడ్డంగా పెట్టి చూస్తే ఎక్కువ తక్కువలు వెంటనే తెలిసిపోతాయి. ఒక్క జాగ్రత్త. ఒకే విలువ ఉన్న నాణేన్ని ఏదో ఏడాది నుంచి వేరే మందంతో చేశారనుకో, పాతదీ కొత్తదీ కలిపి పేరిస్తే ఎత్తు తప్పుతుంది. వాటిని వేరే దొంతర్లు చెయ్యి. మొత్తం రెండుసార్లు లెక్కపెట్టు, రెండు లెక్కల మధ్య లేచి కాసేపు తిరిగి రా. ఒకే ఊపులో రెండుసార్లు లెక్కపెడితే మొదటి తప్పే రెండోసారీ చేస్తాం. నేను చాలాసార్లు చేశాను.

తూకం వేసి లెక్క తేల్చొచ్చా అని నువ్వు చిన్నప్పుడు అడిగేదానివి. కొన్ని నాణేలకు కుదురుతుంది. అమెరికాలో పది సెంట్ల డైమ్ బరువు 2.268 గ్రాములు, పాతిక సెంట్ల క్వార్టర్ బరువు 5.67 గ్రాములు. పది డైములు తూచినా, నాలుగు క్వార్టర్లు తూచినా 22.68 గ్రాములే వస్తుంది, రెండూ డాలరే. రెండిటినీ కలగలిపి తూచినా లెక్క చెడదు. అదే దేశంలో ఒక్క సెంటు నాణెం దగ్గరికొస్తే ఈ ఉపాయం చెల్లదు. 1982లో రాగి తగ్గించి జింకు పెట్టారు, బరువు 3.11 గ్రాముల నుంచి 2.5కి పడిపోయింది. నీ సీసాలో ఏది ఎప్పటిదో తెలియనప్పుడు వేళ్ళనే నమ్ముకో.

లెక్క తేలాక మొత్తం ఎంతో ఒక చీటీ మీద రాసుకుని, నాణేలను కాగితాల్లో రోల్ చుట్టు. ఒక్కో రోల్‌లో యాభై పెట్టు, పైన అంకె రాయి. మీ బ్యాంకే ఖాళీ కాగితం రోల్స్ ఇస్తే వాటిలో ఎన్ని పడితే అన్ని. ఎందుకింత పట్టుబడుతున్నానో చెప్తాను.

ఓసారి నెల మొదటి వారంలో, క్యూ తలుపు దాకా ఉన్నప్పుడు, ఓ పెద్దాయన గుడ్డ సంచి నిండా చిల్లర తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు. వెనక జనం విసుక్కుంటున్నారు. నేనాయన ముఖమైనా సరిగ్గా చూడకుండా "ఈరోజు కుదరదండీ, ఇంకోరోజు రండి" అనేశాను. ఆయన ఏమీ అనలేదు. సంచి మళ్ళీ ఎత్తుకుని, ఆ బరువుకి ఓ పక్కకి ఒరిగి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. పది రోజుల తర్వాత, రద్దీ లేని మధ్యాహ్నం పూట వచ్చాడు. ఈసారి సంచిలోంచి ఒక్కోటి తీసి వరసగా పేర్చాడు. పాత న్యూస్‌పేపరు ముక్కల్లో చుట్టిన రోల్స్, రెండు కొసలా లోపలికి మడత, నడుముకి దారం, పైన పెన్సిల్‌తో అంకె. నేను విప్పి లెక్కపెడుతుంటే ఆయన పెదాలు కదుపుతూ నాతోపాటే లెక్కపెట్టాడు. అన్నీ సరిపోయాయి, ఒక్కదాంట్లో మాత్రం నలభై తొమ్మిదే వచ్చాయి. నేను తలెత్తేలోపే చొక్కా జేబులోంచి ఒక నాణెం తీసి నా ముందుంచి, "ఒకటెక్కడిది మిగిలిందా అనుకుంటున్నానమ్మా, దీంట్లోదన్నమాట" అన్నాడు. రసీదు ఇస్తే రెండుసార్లు చదువుకుని, మడిచి, అదే జేబులో పెట్టుకున్నాడు. మొదటిరోజు పంపించేసినందుకు క్షమించమని అడిగాను. అది ఆరోజే అడగాల్సింది.

అందుకే తల్లీ, నువ్వూ బ్యాంకుకి వెళ్ళేముందు ఫోన్ చేసి అడుగు. చిల్లర ఏ వేళకి తీసుకుంటారు, ఖాతా ఉండాలా, ఇన్ని నాణేలు దాటితే ఛార్జీ ఏమైనా ఉందా, విడిగా తేవాలా రోల్స్‌గా తేవాలా. ఒక్కో బ్యాంకుది ఒక్కో పద్ధతి. జీతాల రోజుల్లో వెళ్ళకు. గాజు సీసాతో అసలు వెళ్ళకు, ఆ బరువుకి చెయ్యి జారితే పగిలిపోతుంది. గట్టి గుడ్డ సంచులు రెండు మూడింటిలో సర్దుకో. వాళ్ళు లెక్కపెట్టేదాకా అక్కడే ఉండు, రసీదు తీసుకునే కదులు.

అంతా బ్యాంకులోనే వెయ్యాలని కూడా లేదు. నువ్వు రోజూ వెళ్ళే చిన్న దుకాణం వాళ్ళని అడిగి చూడు. చిల్లర లేక ఇబ్బంది పడేవాళ్ళు సంతోషంగా తీసుకుని నోట్లిస్తారు, పైసా తగ్గదు. కొన్నిటిని రోజూ కొనేవాటికి సరిగ్గా చిల్లర ఇచ్చేసి వాడుకో. కానీ ఒకేసారి సంచి కుమ్మరించి "డబ్బే కదా, తీసుకోవాల్సిందే" అని ఎవరితోనూ వాదించకు. చాలాచోట్ల చట్టమే దానికి హద్దు పెట్టింది. యూరో దేశాల్లో ఒక్క చెల్లింపులో 50 నాణేలకు మించి తీసుకోమని మామూలు వ్యాపారిని బలవంతపెట్టలేం. బ్రిటన్‌లో ఒకటి, రెండు పెన్నీల నాణేలు చట్టప్రకారం 20 పెన్నీల దాకానే. మన దేశంలో 2011 నాణేల చట్టం ప్రకారం రూపాయి, ఆ పైన నాణేలు వెయ్యి రూపాయల దాకా, అర్ధరూపాయిలు పది రూపాయల దాకా.

ఇంకో తొందర కూడా ఉంది. సీసాలో పడుకున్న నాణెం ఎప్పటికీ డబ్బుగానే ఉంటుందని లేదు. మన పావలా, అంతకన్నా చిన్న నాణేలు 2011 జూన్ 30తో చెల్లకుండా పోయాయి. ఆ గడువు దగ్గరపడ్డప్పుడు కౌంటర్ దగ్గర జనం ఆదరాబాదరా నాకు ఇంకా గుర్తే. కెనడా 2013లో సెంటు నాణెం పంపిణీ ఆపేసింది కానీ దాని విలువ తియ్యలేదు. జర్మనీ కేంద్రబ్యాంకు బుండెస్‌బ్యాంక్ అయితే యూరో రాకముందు వాడిన పాత మార్కు నాణేలకు గడువే పెట్టలేదు, ఇప్పుడు తీసుకెళ్ళినా యూరోలిస్తుంది. ఒక దేశం ఒకలా, ఇంకో దేశం ఇంకోలా. ఏది ఎప్పుడు మారుతుందో చూస్తూ కూర్చునే బదులు ఏడాదికోసారి సీసా ఖాళీ చేసుకోవడం మేలు.

చివరగా నీ మెషీన్. చెడ్డదని అనను. ఓపిక లేనివాళ్ళకీ, చేతులు సహకరించనివాళ్ళకీ పెద్ద సాయం. కానీ వెయ్యబోయేముందు తెర మీద కమీషన్ ఎంతో చదువు. వందకి పది పట్టుకుంటే, నువ్వు దాచిన ప్రతి పది నాణేల్లో ఒకటి అక్కడ వదిలేసినట్టే. నగదు అడిగితే కమీషన్ పట్టుకుని, కూపన్‌గా తీసుకుంటే పట్టుకోనివీ ఉన్నాయి. నువ్వెలాగూ కొనే చోటు కూపన్ అయితే అది మంచిదే. వంగినవీ తడిసినవీ కింద ట్రేలోకి తోసేస్తుంది, అవి ఏరుకోవడం మరిచిపోకు. లెక్క కూడా తప్పొచ్చు. 2016లో అమెరికాలో ఒక బ్యాంకు తన యంత్రాలు తక్కువ లెక్క చూపిస్తున్నాయని ఫిర్యాదులు రావడంతో వాటినన్నిటినీ తీసేసింది. నీ చీటీ మీద అంకె ముందే ఉంటే, తెర మీద అంకె పక్కన పెట్టి చూసుకోవచ్చు.

పని అయ్యాక చేతులు సబ్బుతో శుభ్రంగా కడుక్కో. చిల్లర ముట్టుకున్నాక చేతికొచ్చే వాసన లోహానిదని అనుకుంటాం కానీ, అది మన చర్మం మీది జిడ్డు లోహానికి తగిలి పుట్టే వాసన. ఇన్నేళ్ళు చిల్లర ముట్టిన నాకే రిటైరయ్యే ముందెప్పుడో తెలిసింది.

ఈ ఆదివారం దుప్పటి పరుచుకుని కూర్చో. మధ్యలో లెక్క తప్పితే విసుక్కోకు, ఆ ఒక్క దొంతరే మళ్ళీ చూడు. నాకు సాయంత్రం ఫోన్ చేసి నీ చీటీ మీద అంకె చెప్పు. తర్వాత బ్యాంకు వాళ్ళు రసీదు ఇచ్చినరోజు అదీ చదివి వినిపించు. రెండూ పక్కపక్కన రాసి పెట్టుకుంటాను.

ప్రేమతో,
అమ్మ